బువ్వ అంటే ఫ్యాన్: ఒక పిల్లాడి చూపు వెంట ఏడు నెలలు

కరెంటు పోయినప్పుడల్లా ఆ ఇంట్లో పిల్లాడు "బువ్వ, బువ్వ" అని ఏడుస్తాడు. నాయనమ్మ వంటింట్లోకి పరుగెత్తి పప్పన్నం కలుపుకొస్తుంది. వాడు గిన్నె తోసేస్తాడు. ఆవిడ బుజ్జగిస్తూ ముద్ద నోట్లో పెడితే ఉమ్మేస్తాడు. "అడిగిందే ఇస్తే విసిరికొడతాడు మేడమ్, ఒట్టి మొండి" అని వాళ్ళమ్మ మొదటిరోజే చెప్పింది. కేస్ షీటులో ప్రవర్తన సమస్యలు అన్న గడిలో నేనూ అదే రాసుకున్నాను. ఆ గడిలో రాయాల్సింది కాదని తెలియడానికి నాలుగు వారాలు పట్టింది.

ఒంగోలులో నేను స్పీచ్ థెరపిస్టుని. ఆటిజం ఉన్న పిల్లల తల్లిదండ్రులు నన్ను అడిగే ప్రశ్నల్లో "మాటలు ఎప్పుడొస్తాయి" తర్వాతి స్థానం "కళ్ళల్లోకి ఎప్పుడు చూస్తాడు" అన్నదానిదే. ఈ కేసు రాస్తున్నది ఆ ప్రశ్న పక్కన ఇంకొకటి పెట్టడానికి. మనం ఎటు చూస్తున్నామో పిల్లాడికి తెలుస్తోందా? తెలిస్తే, దానితో వాడు ఏం చేస్తున్నాడు? అమ్మానాన్నల అనుమతి తీసుకునే రాస్తున్నాను. గుర్తుపట్టే వివరాలు మార్చాను. ఇంట్లో వాణ్ణి చిన్నోడు అంటారు, ఇక్కడా అదే పేరు.

వచ్చేనాటికి

మార్చి నెలలో వచ్చినప్పుడు చిన్నోడికి 3 ఏళ్ళ 2 నెలలు. నాన్న చీమకుర్తి వైపు గ్రానైట్ క్వారీలో పని చేస్తాడు, తెల్లారి వెళ్తే రాత్రికి వస్తాడు. అమ్మ ఇంట్లోనే కుట్టుపని చేస్తుంది. పిల్లాడి ఆలనాపాలనా అంతా నాయనమ్మది. కాన్పు మామూలుగానే జరిగింది, పదమూడో నెలలో నడిచాడు. ఏడాది నిండకముందే "అమ్మ", "తాత" అన్నవాడు ఏడాదిన్నర దాటాక ఉన్న మాటలూ పోగొట్టుకున్నాడు. ఇప్పుడు 14 మాటలున్నాయని అమ్మ నోటు పుస్తకంలో రాసి తెచ్చింది. ఇవి కాక ఫోన్లో విన్న రైమ్స్, ప్రకటనల ట్యూన్లు పొల్లుపోకుండా పాడతాడు.

వినికిడికి ఓఏఈ, బెరా అనే రెండు చెవి పరీక్షలూ చేయించాం, బాగానే ఉన్నాయి. కంటి డాక్టరు దగ్గరికి కూడా పంపాను. ఇది చాలామంది వదిలేస్తారు. ఎదుటివాళ్ళ చూపు పట్టించుకోవడం లేదని రాసేముందు పిల్లాడికి సరిగ్గా కనిపిస్తోందో లేదో తేల్చుకోవాలి కదా! మెల్ల లేదు, సైటు లేదు. సైకాలజిస్టు ఆటిజం ఎంత ఉందో కొలిచే ఇసా స్కేలు వేసి 98 ఇచ్చారు. ఇందులో 40 అంశాలుంటాయి. 70కి చేరితే ఆటిజం, 106 వరకు స్వల్ప స్థాయి. సికింద్రాబాదులో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ తయారుచేసిన ఈ స్కేలుతోనే మన దగ్గర వైకల్య సర్టిఫికెట్లు ఇస్తారు. ఇందులో మొట్టమొదటి అంశమే కళ్ళల్లోకి చూడకపోవడం. ఆ కాగితం చేతికొచ్చిన ఏ తల్లయినా మొదట చదివేది ఆ లైనే. అక్కడినుంచి ఇంట్లో మొదలవుతుంది "నా వైపు చూడు, నా కళ్ళల్లోకి చూడు" అన్న పోరు.

నాయనమ్మ వాదన మాత్రం వేరు. "మా ఇంట్లో మగపిల్లలు పెద్దోళ్ళ ముందు తలెత్తరమ్మా. వీళ్ళ నాన్న ఇప్పటికీ వాళ్ళ పెదనాన్న కళ్ళల్లోకి చూసి మాట్లాడడు. వీడూ అంతే, బుద్ధిమంతుడనుకున్నాం." ఆవిడ మాటను నేను తేలిగ్గా తీసుకోను. తలొంచుకుని నిలబడటం మన ఇళ్ళల్లో మర్యాదే, ఎదురు చూసి మాట్లాడితే పొగరంటారు. అయితే అదే ఇంట్లో చుట్టాలొచ్చినప్పుడు ఆవిడ కంటిసైగ చేస్తే కోడలు మంచినీళ్ళు తెస్తుంది, పక్కింటి నాలుగేళ్ళ పిల్ల కుర్చీలోంచి లేస్తుంది. కళ్ళల్లోకి చూడటం ఇంటింటికీ మారుతుందేమో గానీ, ఎదుటివాళ్ళ కళ్ళు ఎటు తిరిగాయో కనిపెట్టకుండా ఏ ఇంట్లోనూ రోజు గడవదు.

మా దగ్గరికి రాకముందు మూడు నెలలు ఇంకో చోట థెరపీకి వెళ్ళారు. అక్కడ గడ్డం పట్టుకుని తల ఎత్తి, మూడు అంకెలు లెక్కపెట్టేదాకా కళ్ళల్లోకి చూస్తే ఒక చిప్స్ ముక్క ఇచ్చేవారట. మా గదిలోకి వచ్చిన మొదటి పది నిమిషాల్లోనే అది నాకు కనిపించింది. షెల్ఫు మీద బిస్కెట్ డబ్బా కావాలి. నా ముందుకొచ్చి, మెడ సాచి, నా మొహంలోకి మూడు క్షణాలు గట్టిగా చూసి, చెయ్యి చాపాడు. డబ్బా ఎక్కడుందో నాకు చూపించలేదు, నేను డబ్బా వైపు చూస్తున్నానో లేదో గమనించలేదు. బస్సులో టికెట్టుకి చిల్లర ఇచ్చినట్టు చూపు ఇచ్చేసి ఊరుకున్నాడు. మూడు నెలల కష్టం వృథా అనలేను. నేర్పినదాన్ని వాడు తు.చ. తప్పకుండా నేర్చుకున్నాడు. నేర్పిందే తక్కువ.

ఏం చూశాను, ఎలా చూశాను

రెండు రోజులు, ఒక్కో పద్ధతికి పదేసి సార్లు, ఫోన్లో వీడియో తీస్తూ పరీక్షించాను. ముందు వస్తువుకి వేలు ఆనించి "అదిగో చూడు" అన్నాను. పదిలో ఎనిమిదిసార్లు చూశాడు. తర్వాత గది అవతలి గోడమీద బొమ్మను దూరంనుంచి వేలితో, తల తిప్పి చూపించాను. నాలుగుసార్లు చూశాడు, మిగతా ఆరుసార్లు నా వేలి కొసనే చూశాడు. వేలు లేకుండా తల, కళ్ళు రెండూ తిప్పితే రెండుసార్లు. తల కదపకుండా కళ్ళు మాత్రమే తిప్పితే ఒక్కసారీ లేదు. వస్తువు వాడి వీపు వెనక ఉంటే ఏ పద్ధతిలోనూ వెనక్కి తిరగలేదు.

మామూలుగా ఏడాది నిండే వేళకి పిల్లలు కంటిముందున్న వస్తువులవైపు పెద్దవాళ్ళ తల తిరుగుడు పట్టుకుని చూస్తారు. ఏడాదిన్నర వచ్చేసరికి వెనక ఉన్నదాని కోసం తల తిప్పుతారు, కళ్ళ కదలికనొక్కదాన్నే కూడా పట్టుకోవడం మొదలవుతుంది. పసిపిల్లలు పెద్దల చూపు వెంట వెళ్తారని 1975లో స్కైఫ్, బ్రూనర్ అనే ఇద్దరు చూపించారు. ఆ తర్వాతే ఈ విషయం మీద పరిశోధన ఊపందుకుంది. సియాటిల్‌లో బ్రూక్స్, మెల్ట్‌జాఫ్ ఇంకో ముచ్చటైన సంగతి బయటపెట్టారు. పది, పదకొండు నెలల పిల్లలు ఎదుటి మనిషి కళ్ళు మూసుకుని తల తిప్పితే అంతగా పట్టించుకోరు, కళ్ళు తెరిచి తిప్పితే వెంట చూస్తారు. అంటే వాళ్ళు వెంబడించేది తలను కాదు, చూపునే. ఆ వయసులో చూపు వెంట బాగా వెళ్ళిన పిల్లలకి ఏడాదిన్నర నాటికి మాటలు ఎక్కువ తెలిసున్నాయని కూడా 2005లో రాశారు.

చిన్నోడికి అసలు దిశే అర్థం కాదేమో అన్న అనుమానం నాకు ఉండేది. అది తీర్చింది మా బిల్డింగు లిఫ్టు. వచ్చిన ప్రతిసారీ లిఫ్టు ముందు నిలబడి ఎర్ర బాణం గుర్తు పైకుంటే పైకి, కిందికుంటే కిందికి చూస్తాడు. అట్టముక్కతో బాణం కోసి, రెండు స్టీలు గిన్నెలు బోర్లించి, ఒకదానికింద ముక్క బిస్కెట్టు పెట్టి, బాణం అటు తిప్పాను. పదిలో ఏడుసార్లు సరైన గిన్నె ఎత్తాడు. బాణం తీసేసి నేను గిన్నెవైపు చూస్తూ కూర్చుంటే పదిసార్లూ కుడిచేతి వైపు గిన్నే ఎత్తాడు. అట్టముక్క దారి చూపిస్తుందని వాడికి తెలుసు. నా కళ్ళూ ఆ పని చేస్తాయని తెలియదు.

ఇక్కడ కాస్త జాగ్రత్త కావాలి. "ఆటిజం పిల్లలకి చూపు దిశ తెలియదు" అని రాసేస్తే తప్పవుతుంది. 2004లో జపాన్‌లో సెంజు బృందం కంప్యూటర్ తెరమీద కళ్ళ బొమ్మ, బాణం బొమ్మ చూపించి పరీక్షిస్తే, ఆటిజం ఉన్న పిల్లల దృష్టి కళ్ళ బొమ్మ చూపిన వైపుకీ మళ్ళింది. తేడా ఎక్కడొచ్చిందంటే, మిగతా పిల్లలకి బాణం కంటే కళ్ళు ఎక్కువ, వీళ్ళకి రెండూ సమానమే. ఇంగ్లండులో 1997లో లీకమ్ వాళ్ళు చేసిన అధ్యయనమూ ఇలాంటిదే చెప్పింది. "ఈయన దేన్ని చూస్తున్నాడు?" అని అడిగితే చాలామంది ఆటిజం పిల్లలు సరిగ్గా చెప్పగలిగారు. అడగకుండా ఎదుటి మనిషి ఊరికే తల తిప్పి చూస్తే మాత్రం వెంట చూడలేదు. లెక్క తెలుసు, అవసరం తోచదు. నా అనుభవంలో చిన్నోడి వయసు పిల్లల్లో ఇద్దరు ముగ్గురిని వదిలేస్తే అందరిదీ ఇదే తీరు.

నాలుగో వారం, మధ్యాహ్నం సెషన్

ఏప్రిల్‌లో ఒక మధ్యాహ్నం సెషన్ సగంలో కరెంటు పోయింది. ఇన్వర్టర్ అందుకోలేదు. చాపమీద వెల్లకిలా పడుకుని ఉన్న చిన్నోడు "బువ్వ" అన్నాడు. మూలన కూర్చున్న నాయనమ్మ అలవాటుగా సంచిలోంచి టిఫిన్ బాక్సు తీస్తోంది. నేను అదృష్టవశాత్తూ ఆవిణ్ణి కాక వాణ్ణి చూస్తున్నాను. వాడి కళ్ళు పైన ఫ్యాన్ మీద ఉన్నాయి. రెక్కలు నెమ్మదించేకొద్దీ వాడి తల కూడా చాపమీద చిన్న చిన్న సున్నాలు చుడుతోంది. రెక్కలు ఆగిపోయాయి. "బువ్వ!" అని అరిచాడు. ఐదు నిమిషాలకి కరెంటొచ్చి ఫ్యాన్ కదలగానే నవ్వుతూ "బువ్వ" అన్నాడు.

"అమ్మా, వీడికి అన్నం ఎక్కడ కూర్చోబెట్టి పెడతారు?" అని అడిగాను.

"కూర్చుంటాడా ఎక్కడన్నా? హాల్లో పడుకోబెట్టి, ఫ్యాన్ తిరుగుతుంటే దాన్ని చూస్తూ..." అని తలెత్తి ఫ్యాన్ వైపు చూసి ఆగిపోయింది. బాక్సు మూత చేతిలోనే ఉంది. "అయ్యో నా తండ్రీ. ఏడాదినుంచి వాడు ఫ్యానడుగుతుంటే నేను అన్నం పెడుతున్నానా?"

ఆవిడ ముద్దవైపు చూస్తూ "బువ్వ" అన్న ప్రతిసారీ వాడు ఫ్యాన్ చూస్తున్నాడు. ఏడాదిన్నర పిల్లలు ఈ చిక్కులో పడరు. తాము ఒక వస్తువుతో ఆడుతుండగా అమ్మ ఇంకెటో చూస్తూ కొత్తమాట అంటే, తలెత్తి అమ్మ కళ్ళు ఎటున్నాయో చూసుకుని, ఆ మాటను అమ్మ చూస్తున్నదానికే అంటిస్తారు. అమెరికాలో డేర్ బాల్డ్‌విన్ అనే పరిశోధకురాలు ఇది తొంభైల మొదట్లో చూపించింది. ఆమె, ఇంగ్లండు సైకాలజిస్టు సైమన్ బారన్-కోహెన్ కలిసి 1997లో ఇదే పరీక్షను ఆటిజం ఉన్న పిల్లలకి పెడితే, మూడోవంతు కంటే తక్కువమంది మాత్రమే మాట్లాడే మనిషి చూపును వాడుకున్నారు. చాలామంది కొత్తమాటను తాము చూస్తున్నదానికే తగిలించారు. అంతకు యాభై ఏళ్ళ ముందే, 1946లో, ఆటిజాన్ని తొలిరోజుల్లో వర్ణించిన డాక్టరు లియో కానర్ ఒక పిల్లాడి సంగతి రాశాడు. వాడు సాస్‌పాన్ కనిపిస్తే చాలు ఒక పిల్లల పాటలోని ముక్క అనేవాడట. వాడి రెండేళ్ళ వయసులో వాళ్ళమ్మ ఆ పాట పాడుతుండగా చేతిలోంచి సాస్‌పాన్ జారిపడింది. అర్థంలేని మాటలనుకున్నవాటికి పుట్టుక ఉంటుందని ఆయన వెతికి పట్టుకున్నాడు.

ఆ రాత్రి అమ్మ రాసిన 14 మాటల జాబితా మళ్ళీ ముందేసుకున్నాను. ఒక్కో మాటకీ, అది అన్నప్పుడు వాడి కళ్ళు ఎక్కడున్నాయో వారం రోజులు రాయమని అమ్మకి చెప్పాను. ఐదు మాటలు దారితప్పినవే. "టాటా" అంటే గేటు గొళ్ళెం. పొద్దున్నే నాన్న బండి తీస్తూ చెయ్యూపేటప్పుడు వాడు చూసేది దాన్నే. "పాలు" అంటే గ్యాస్ లైటర్ నిప్పురవ్వ. ఇన్నాళ్ళూ పిల్లాడు గేటు పట్టుకుని "టాటా" అంటే బయటికి తీసుకెళ్ళమంటున్నాడని ఇంట్లోవాళ్ళు అనుకున్నారు. వీధిలోకి ఎత్తుకుని వెళ్తే వాడు గేటు వైపు వంగి ఏడ్చేవాడు. మొండితనం కింద జమకట్టిన వాటిలో సగం ఇలాంటివే.

తెలుగులో "అదిగో", "ఇదిగో", "అల్లదిగో" అని చక్కటి మాటలున్నాయి. చెప్పేవాళ్ళ చూపు వెంటో వేలు వెంటో వెళ్తే తప్ప వాటికి అర్థం లేదు. వేలికి కూడా చూపుడు వేలు అనే పేరు పెట్టుకున్నాం. డాబా మీద చందమామను చూపిస్తూ గోరుముద్దలు పెట్టడం మన పాత ఆట. అమ్మ పైకి చూస్తుంది, పిల్ల పైకి చూస్తుంది, మళ్ళీ ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు, ఆ సందులో ముద్ద లోపలికి పోతుంది. మేం జాయింట్ అటెన్షన్ అని పెద్ద పేరుతో పిలిచేది అదే. ఒళ్ళో ఫోన్ పెట్టి తినిపించినప్పుడు ముద్ద లోపలికి పోతుంది గానీ, ఎవరి చూపు వెంటా ఎవరూ వెళ్ళరు. ఫోన్ వల్ల ఆటిజం రాదు, ఆ మాట ప్రతి తల్లికీ చెబుతాను. పోయేది రోజుకు మూడుపూటలా దొరికే ఆ ఆట.

తప్పించుకుంటున్నాడా, అక్కర్లేదనుకుంటున్నాడా

థెరపీ మొదలుపెట్టేముందు దీనిమీద ఒక నిర్ణయానికి రావాలి. కొందరికి ఎదుటివాళ్ళ కళ్ళు నిజంగానే భారం. నేరుగా చూసే మొహం ఎదురైనప్పుడు ఆటిజం పిల్లల చర్మంలో ఉద్వేగం గుర్తులు ఎక్కువగా నమోదయ్యాయని ఫిన్లండ్ పరిశోధకులు 2006లో చూపించారు. మాటలొచ్చిన ఆటిస్టిక్ పెద్దలు చాలామంది కళ్ళల్లోకి చూస్తూ వినడం తమకు కుదరదని, రెంటిలో ఒకటే చేయగలమని చెబుతారు. అట్లాంటాలో రెండేళ్ళ పిల్లలతో 2017లో చేసిన అధ్యయనం మాత్రం ఇంకోలా తేలింది. తెరమీద వాళ్ళ చూపును కళ్ళమీదకి మళ్ళిస్తే వాళ్ళు గబుక్కున చూపు తిప్పేసుకోలేదు. ఆ వయసులో అది భయం కంటే పట్టించుకోకపోవడమే అని వాళ్ళు తేల్చారు. అదే బృందం 2013లో పసికందులమీద చేసిన పనిలో, తర్వాత ఆటిజం తేలిన పిల్లలు కూడా రెండో నెలలో కళ్ళను అందరిలాగే చూశారు. ఆ చూడటం ఆరో నెలకల్లా తగ్గుతూ వచ్చింది.

చిన్నోడిలో రెండూ ఉన్నాయి. మూడడుగుల దూరంలో ఉంటే నా కళ్ళు వాడికి గోడగడియారంతో సమానం. అడుగు దూరంలోకొచ్చి మొహంలో మొహం పెడితే చెవులు మూసుకుంటాడు. గడ్డం పట్టుకున్న మూడు నెలలు దీనికెంత తోడయ్యాయో చెప్పలేను. అందుకని ఎదురుగా కూర్చోవడం మానేసి పక్కన కూర్చున్నాను, ముందు ఒక నిలువుటద్దం పెట్టుకుని.

ముందు మేం నేర్చుకున్నది

మొదటి ఆరు వారాలు చిన్నోడికి ఏమీ నేర్పలేదు. నేర్చుకున్నది నాయనమ్మ. వాడు దేన్ని చూస్తే దాని పేరే చెప్పాలి, ఇంకే మాటా అనకూడదు. ఇది ఎంత కష్టమో చేసినవాళ్ళకే తెలుసు. మనకి నోట్లో ఎప్పుడూ "ఇలా రా, ఇది చూడు, అది వద్దు" అనే ఉంటుంది. మొదటి వీడియోలో పది నిమిషాల్లో ఆవిడ పిల్లాడి చూపు వెంట వెళ్ళి అన్న మాటలు మూడు. ఆరో వారం వీడియోలో 26. ఫ్యాన్ చూస్తే "ఫ్యాన్", తిరిగితే "తిరిగింది", ఆగితే "ఆగిపోయింది". "బువ్వ" అన్నమాట అన్నంముద్ద వాడి కళ్ళముందుకొచ్చాకే అనాలి. పడుకోబెట్టి పెట్టడం మానేసి, ఫ్యాన్ వాడి వీపు వెనక పడేలా గుమ్మం దగ్గర కూర్చోబెట్టి పెట్టమన్నాను. రెండు రోజులు తినలేదు, మూడోరోజు తిన్నాడు.

ఈ పద్ధతి నా సొంతం కాదు. లాస్ ఏంజిల్స్‌లో సిల్లర్, సిగ్మన్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో, పిల్లల ధ్యాస ఎటుంటే అటే మాటలు కలిపిన తల్లుల పిల్లలకి ఏడాది తర్వాత, పదేళ్ళ తర్వాత, పదహారేళ్ళ తర్వాత కూడా భాష మెరుగ్గా ఉంది. పిల్లాడు మన చూపు వెంట రాలేనప్పుడు, ఆ పని చేతనైన మనమే వాడి చూపు వెంట పోవాలి. ఇంత సులువైన సంగతి నాకు కోర్సులో ఎవరూ ఇంత సూటిగా చెప్పలేదు.

జూన్‌నుంచి రెండోవైపు, అంటే వాడు మన చూపు వెంట రావడం, మొదలుపెట్టాం, వారానికి రెండు సెషన్లు. అమ్మవారి జాతరకి కట్టే రంగు లైట్ల తీగలు నాలుగు తెచ్చి గది నాలుగు మూలలా వేలాడదీశాం. స్విచ్చులు మా హెల్పర్ చేతిలో. నేను "అదిగో!" అని ఒక మూలకి వేలు చూపించి తల తిప్పుతాను. వాడు అటు తిరిగిన క్షణంలోనే ఆ మూల లైట్లు వెలుగుతాయి. తిరగకపోతే వెలగవు. మాట మొదట తీసేశాం, తర్వాత వేలు, చివరికి తల. నా మొహం ఎటు తిరిగితే అటు ఏదో ఉంటుందని వాడికి నమ్మకం కుదరాలి, అంతే. కానీ ముందు నా మొహం వాడికి కనబడాలి కదా. అందుకు అద్దం పనికొచ్చింది. అద్దంలో నా మొహాన్ని వాడు నేరుగా చూసే మొహంకన్నా రెండింతలు ఎక్కువసేపు చూసేవాడు.

నా పొరపాటు

జులై మొదటి మూడు వారాల నోట్సులో "ఐ కాంటాక్ట్ చాలా మెరుగు" అని రాసుకున్నాను. నిజంగానే చిన్నోడు నా కళ్ళల్లోకి అరనిమిషం పాటు చూస్తున్నాడు, చిరునవ్వుతో కూడా. అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. నాకూ ఛాతీ ఉప్పొంగింది. ఒకరోజు కళ్ళజోడు విరిగి, పాత జోడు వెతికేలోగా సెషన్ మొదలైంది. వాడు ఒకసారి నా మొహం వైపు చూసి తిప్పేసుకున్నాడు. ఆ గంటంతా మళ్ళీ చూడలేదు.

రాత్రి వీడియోలు ముందుకీ వెనక్కీ తిప్పి చూశాను. జూన్ చివర్లో కొత్త కళ్ళజోడు కొన్నాను, పెద్ద అద్దాలు. ఒక వీడియోలో ఆపి పెద్దది చేస్తే నా కుడికంటి అద్దంలో, ట్యూబులైటు వెలుగులో, బఠానీ గింజంత ఫ్యాన్ తిరుగుతోంది.

మూడు వారాల నోట్సులో ఆ లైన్లు కొట్టేసి పక్కన కారణం రాశాను. అమ్మకి ఫోన్ చేసి చెప్పడం అన్నిటికన్నా కష్టమైంది. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పోనీలెండి మేడమ్, ఫ్యానునైనా మీ మొహంలో చూశాడు" అంది. అది ఓదార్పుకి అన్నమాటే గానీ, దానిలో నాకు ఒక దారి కనిపించింది. పాత జోడుతోనే, కాగితంతో చేసిన, గాలికి తిరిగే రంగుల రాట్నాన్ని నా చెంప పక్కన పట్టుకుని మొదలుపెట్టాను. వాడు రాట్నం చూస్తాడు, నేను మూలకి తల తిప్పుతాను, రాట్నం నాతోపాటే తిరుగుతుంది, లైట్లు వెలుగుతాయి. రెండు వారాల్లో రాట్నాన్ని చెంప దగ్గర్నుంచి గడ్డం కిందికి, తర్వాత ఒళ్ళోకి దించేశాను. సిద్ధాంతం ప్రకారం ఇది సబబేనా అని ఒక సీనియర్ సహోద్యోగి అడిగారు. సబబు కాకపోవచ్చు, పనిచేసింది అన్నాను.

ఏడు నెలలకి

అక్టోబరులో అవే పరీక్షలు, అదే గది, కొత్త వస్తువులు. లైట్ల తీగలు ముందే తీసేశాం. వేలితో దూరం చూపిస్తే పదికి తొమ్మిది. వేలు లేకుండా తల, కళ్ళు తిప్పితే ఏడు. వెనకున్న వస్తువుకి ఐదు. కళ్ళు మాత్రమే తిప్పితే మూడు, ఆ మూడూ వాడికి బాగా కావాల్సిన వస్తువులే. గిన్నెల ఆటలో నా చూపు వెంట వెళ్ళి ఆరుసార్లు సరైన గిన్నె ఎత్తాడు. ఇంతలో వయసు కూడా పెరిగింది కాబట్టి ఇదంతా థెరపీ ఘనతే అనలేను. మాటలు 60 దాటాయి, "నీళ్ళు కావాలి", "ఫ్యాన్ ఆగిపోయింది" లాంటి రెండు మాటల వాక్యాలు పదిదాకా ఉన్నాయి. కళ్ళల్లోకి చూడటం దాదాపు అప్పటిలాగే ఉంది. అది పెంచాలని నేను ప్రయత్నించలేదు.

జూన్‌లో ఎల్‌కేజీలో చేర్చారు. "పిల్లాడు నా వైపు చూడట్లేదు, పాఠం వినట్లేదు" అని డైరీలో టీచరు రాసింది. ఆమెకి ఒక పేజీ రాసిచ్చాను. వాణ్ణి చూడమనవద్దు, బోర్డుమీద వేలు ఆనించి మాట చెప్పండి, చెప్పేముందు వాడి కళ్ళు ఎక్కడున్నాయో మీరు ఒకసారి చూడండి. నలభైమంది పిల్లలున్న గదిలో ఇది కుదిరే పనేనా అంటే, ఆ టీచరు రోజుకి రెండుమూడుసార్లు చేస్తోంది. అంతకుమించి అడిగే మొహం నాకు లేదు. తరగతిలో టీచరు ఎవరి వైపు చూసి అడుగుతోందో పట్టుకోవడం వాడికి ఇంకా రాలేదు. సంక్రాంతి సెలవుల తర్వాత బడికే వెళ్ళి అది చూడాలనుకుంటున్నాను.

పోయిన వారం వాన రాత్రి నాయనమ్మ తీసిన వీడియో ఒకటి అమ్మ పంపింది. కరెంటు పోయింది. ఎమర్జెన్సీ లైటు వెలుతుర్లో చిన్నోడు ఫ్యాన్ వైపు చూశాడు. రెక్కలు ఆగేదాకా చూసి, తల దించి నాయనమ్మ మొహం చూశాడు, మళ్ళీ ఫ్యాన్ చూశాడు. "పోయింది రా కరెంటు" అంది ఆవిడ. "పోయింది" అన్నాడు. కాసేపాగి "బువ్వ" అన్నాడు.

కెమెరా వెనకనుంచి ఆవిడ గొంతు: "ఈసారి ఏదిరా నాయనా? అన్నమా, ఫ్యానా?"

వాడు ఎటో చూశాడు. లైటు అటు లేదు, ఏమీ కనిపించడం లేదు.